పెట్టె మీద బార్లు, డాబా మీద కొళాయి: ఇంటికి ప్రెషర్ వాషర్ ఎంపిక, వాడకం

నీళ్లను బలమైన ధారగా కొట్టి బండ్లు, డాబా కడిగే ప్రెషర్ వాషర్ కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే ముందు కంటికి కనిపించేది బార్ల అంకె, అంటే నీటి ప్రెషర్ కొలత. 110, 130, 150, కొన్నిటి మీద 200 పైమాటే. అంకె పెద్దదైతే మెషిన్ గొప్పదని అనుకోవడం సహజం. ఇంటి వాడకం విషయంలో ఆ అంకె చెప్పేది సగం కూడా కాదు. మెషిన్ సొంతంగా నీళ్లు పుట్టించదు, కరెంటు పుట్టించదు. ఇంట్లో కొళాయి ఎంత ఇస్తే, గోడకున్న ప్లగ్గు ఎంత ఇస్తే దాంతోనే నెట్టుకురావాలి. బయటికొచ్చిన ధారను తట్టుకోవాల్సింది మళ్లీ మన బండి పెయింటు, డాబా గచ్చు, గోడ మీది పుట్టీయే. కొనేవాళ్లు చాలామంది ఈ మూడింటి గురించి ఆలోచించకుండా బార్లు చూసి ఆర్డరు పెట్టేస్తారు. వారం తిరక్కుండానే "సర్వీసింగ్ సెంటర్లో వచ్చినట్టు రావట్లేదు" అన్న ఫిర్యాదు మొదలవుతుంది.

రాదు కూడా. బండ్లు కడిగే వాటర్ సర్వీసింగ్ సెంటర్లో ఉండే సరంజామా వేరు. బెల్టుతో తిరిగే రెండు మూడు హార్స్‌పవర్ల మోటారు, మూడు ప్లంజర్ల పంపు, పక్కనే నిండుగా సంపు. చిన్న సెంటర్లలో చాలాచోట్ల తోటలకు పురుగుమందు కొట్టే పవర్ స్ప్రేయర్ పంపునే ఈ పనికి బిగించుకుంటారు. దాని ప్రెషర్ ఇంటి మెషిన్ పెట్టె మీద రాసే అంకె కంటే చాలా తక్కువే. నీళ్లు మాత్రం నిమిషానికి 15, 20 లీటర్లు కొడుతుంది. అంటుకున్న మట్టిని కదిలించడానికి ప్రెషర్ కావాలి, కదిలిన మట్టిని ఈడ్చుకుపోవడానికి నీళ్లు కావాలి. ట్రాక్టరు మడ్‌గార్డు కింద గట్టిపడిన నల్లరేగడి పెళ్లలు పెళ్లలుగా ఊడిపడేది నీళ్ల ఉరవడికే. ఇంటి మెషిన్ నిమిషానికి ఐదు నుంచి ఏడు లీటర్ల లోపే ఇస్తుంది. దుమ్ము, పాచి, టైరు అంచుల్లో మట్టి లాంటి పనులకు అది చాలు. పొలం నుంచి వచ్చిన ట్రాక్టరుకు చాలదు. ఈ తేడా ముందే తెలిస్తే సగం నిరాశ తప్పుతుంది.

పెట్టె మీది అంకెలకు చిన్న పరీక్ష

అమ్మేవాళ్లు రాసే అంకెలు నిజమా కాదా అని పట్టుకోవడానికి ఒక తేలిక లెక్క ఉంది. బార్లను నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి, 600తో భాగిస్తే ఆ ధారలో ఉన్న శక్తి కిలోవాట్లలో వస్తుంది. మోటారు లాగే కరెంటు ఎప్పుడూ దానికంటే ఎక్కువే ఉండాలి. ఎందుకంటే మోటారులో, పంపులో కొంత వేడిగా పోతుంది.

ఒక మామూలు మెషిన్ తీసుకుందాం. 1400 వాట్లు, గరిష్ఠంగా 110 బార్లు, గంటకు 360 లీటర్లు. అంటే నిమిషానికి ఆరు. 110ని 6తో గుణిస్తే 660, 600తో భాగిస్తే 1.1 కిలోవాట్లు. మోటారు లాగేది 1.4. కాస్త అటూ ఇటూగా నమ్మదగ్గ లెక్కే. ఇప్పుడు 1800 వాట్ల మెషిన్ మీద 220 బార్లు, నిమిషానికి 10 లీటర్లు అని రాసుందనుకోండి. 2200ను 600తో భాగిస్తే దాదాపు 3.7 కిలోవాట్లు. లోపలికి 1.8 పోతే బయటికి 3.7 ఎలా వస్తుంది? అలాంటి పెట్టె మీద ఏ అంకెనూ నమ్మక్కర్లేదు. వాట్లు మాత్రం పెద్దగా అబద్ధమాడవు, వాటిని క్లాంప్ మీటరు పెట్టి ఎవరైనా కొలవొచ్చు కాబట్టి.

నిజాయతీగా రాసే కంపెనీలు కూడా పెద్ద అక్షరాల్లో వేసేది గరిష్ఠ ప్రెషర్‌నే. పని చేస్తున్నప్పుడు ఉండే ప్రెషర్ దానికి మూడింట రెండు వంతుల దగ్గర్లో ఉంటుంది. మాన్యువల్ వెనక పట్టికలో 'రేటెడ్' లేదా 'వర్కింగ్' ప్రెషర్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పోల్చుకోవాల్సింది ఆ అంకెనే. కొన్ని పెట్టెల మీద బార్ల బదులు పీఎస్ఐ ఉంటుంది. దాన్ని 14.5తో భాగిస్తే బార్లు. 2000 పీఎస్ఐ అంటే 138 బార్లే, అంకె చూసి అదిరిపోవక్కర్లేదు.

ఇంటికి ఎంత కావాలి? స్కూటరు, కారు, పోర్టికో, ఏడాదికోసారి డాబా. ఈ మాత్రం పనులకు రేటెడ్ ప్రెషర్ 75 నుంచి 100 బార్ల మధ్య, నీళ్లు నిమిషానికి ఆరు లీటర్ల చుట్టూ ఉంటే సరిపోతుంది. అంతకు మించిన ప్రెషర్‌తో ఇంట్లో ఒరిగేది తక్కువ, పెయింటు లేచిపోయే ప్రమాదం ఎక్కువ. బడ్జెట్టులో ఇంకొంత పెట్టగలిగితే అది మోటారు మీద పెట్టడం మేలు.

చవక మెషిన్లలో ఉండేవి కార్బన్ బ్రష్‌లున్న మోటార్లు. మిక్సీలో ఉండే రకమే. తేలిగ్గా ఉంటాయి, బాగా చప్పుడు చేస్తాయి, పదిహేను ఇరవై నిమిషాలకోసారి విశ్రాంతి అడుగుతాయి. బ్రష్‌లు అరిగిపోతే మార్చాలి. ఇండక్షన్ మోటారున్నవి బరువెక్కువ, ధర కూడా ఎక్కువ. వీటి చప్పుడు పక్క ఫ్లాటు వాళ్లు భరించగలిగేంతే ఉంటుంది. ఏళ్ల తరబడి పని చేస్తాయి. నెలకోసారి బండి కడిగే ఇంటికి మొదటి రకం చాలు. వారంవారం రెండు మూడు వాహనాలు కడిగే ఇంటికి, పశువుల కొట్టం కడిగే ఇంటికి రెండో రకమే గిట్టుబాటు. పంపు హెడ్ ప్లాస్టిక్‌దా, అల్యూమినియందా, ఇత్తడిదా అని కూడా అడగాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇత్తడి ఎక్కువ కాలం ఆగుతుంది.

బ్యాటరీతో నడిచే 'వాటర్ గన్'లు ఇప్పుడు విరివిగా అమ్ముతున్నారు. వాటిలో కాస్త మంచివి కూడా 20 బార్ల చుట్టుపక్కలే ఇస్తాయి. బకెట్లోంచి నీళ్లు తోడుకుంటాయి, ప్లగ్గు అక్కర్లేదు, బైకు మీది దుమ్ముకు బాగానే ఉంటాయి. డాబా మీది పాచి దగ్గర చేతులెత్తేస్తాయి. వాటిని పవర్ ప్లగ్గుతో నడిచే మెషిన్లతో పోల్చి కొంటే దెబ్బతిన్నట్టే.

నీళ్ల దగ్గరే అసలు కథ

ఇంట్లో వాడుకునేలా చిన్న ప్రెషర్ వాషర్‌ను జర్మనీకి చెందిన కార్చర్ కంపెనీ 1984లో మార్కెట్లోకి తెచ్చింది. అక్కడి ఇళ్లలో కొళాయి తిప్పితే నీళ్లు సరఫరా లైను నుంచి నేరుగా, మంచి ఒత్తిడితో వస్తాయి. ఈ మెషిన్ల మాన్యువల్లో లోపలికి వచ్చే నీటి ప్రెషర్ 10 బార్లో 12 బార్లో దాటకూడదని హెచ్చరిక ఉండేది అందుకే. మన ఇళ్లలో ఆ హెచ్చరిక చదివితే నవ్వొస్తుంది. మన కొళాయిలకు బలం ఇచ్చేది డాబా మీది ట్యాంకు ఎత్తు ఒక్కటే. పది మీటర్ల ఎత్తుకు ఒక బారు చొప్పున వస్తుంది. ఒక అంతస్తు ఇంట్లో, నేల మీది కొళాయికి వచ్చేది అరబారు లోపే.

అంత తక్కువ ప్రెషర్‌తో మెషిన్ పని చేయదా అంటే చేస్తుంది. దానికి లోపలికి ప్రెషర్ అక్కర్లేదు, నీళ్లు తెగకుండా అందితే చాలు. అందుకే కొనేముందు చేయాల్సిన పరీక్ష బకెట్‌తో. మెషిన్‌కు తగిలించబోయే పైపునే కొళాయికి బిగించి, అటు చివర 15 లీటర్ల బకెట్ పెట్టి, ఫోన్లో టైమ్ చూసుకోవాలి. నిమిషంన్నరలో నిండితే నిమిషానికి 10 లీటర్లు వస్తున్నట్టు, ఏ ఇంటి మెషిన్‌కైనా నిశ్చింతే. రెండు నిమిషాలు దాటితే ఇబ్బంది మొదలైనట్టే. వట్టి కొళాయి కింద బకెట్ పెట్టి చూస్తే లాభం లేదు. సన్నటి ఆకుపచ్చ పైపు పది మీటర్లు తగిలిస్తే ధార ఎంత పడిపోతుందో అప్పుడే తెలుస్తుంది. ముప్పావు అంగుళం పైపు, వీలైనంత పొట్టిది వాడితే చాలా ఇళ్లలో సమస్య అక్కడే తీరిపోతుంది.

నీళ్లు చాలకపోతే పంపు లోపల ఆవిరి బుడగలు ఏర్పడి పగులుతాయి. శబ్దం మారిపోతుంది, గన్ను చేతిలో దడదడలాడుతుంది, ధార వచ్చి పోయి వచ్చి పోతుంటుంది. మెషిన్ పాడైందని షాపుకు తీసుకెళ్తారు. అక్కడ మంచి కొళాయికి పెడితే చక్కగా పని చేస్తుంది. అలాగే నాలుగు రోజులు వాడితే మాత్రం సీళ్లు నిజంగానే పోతాయి.

ఇక్కడ మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ప్రెషర్ వాషర్ ఎక్కువ అవసరమయ్యేది డాబా మీద, వానాకాలం పోయాక పాచి పట్టినప్పుడు. ఇంట్లో అన్నిటికంటే బలహీనమైన కొళాయి కూడా డాబా మీదే ఉంటుంది, ట్యాంకుకు రెండడుగుల కింద. దీనికి రెండు దారులు. ట్యాంకు అడుగు నుంచే పెద్ద కొళాయి ఉంటే పొట్టి, వెడల్పు పైపుతో మెషిన్‌కు కలపడం మొదటిది. ఎత్తు తక్కువైనా దారి వెడల్పైతే నీళ్లు చాలినన్ని వస్తాయి. డ్రమ్ములోంచి తోడుకునే సౌకర్యం ఉన్న మెషిన్ కొనడం రెండోది. పెట్టె మీద 'సెల్ఫ్ ప్రైమింగ్' లేదా 'సెల్ఫ్ సక్షన్' అని ఉంటుంది. డ్రమ్ములో ముంచే పైపు చివర ఫిల్టరు ఉండాలి, మొదలుపెట్టేముందు ఆ పైపును నీళ్లతో నింపి అప్పుడు బిగించాలి, డ్రమ్ము మెషిన్ కంటే కాస్త ఎత్తులో ఉంటే ఇంకా సులువు. నీళ్లు వస్తాయో రావో తెలియని ఇళ్లకు ఈ సౌకర్యం ఉన్న మెషిన్ తప్ప వేరేది కొనకూడదని గట్టిగానే చెప్పొచ్చు.

బోరు నీళ్ల సంగతి వేరే చెప్పాలి. సన్న ఇసుక వస్తే పంపు వాల్వులు గీసుకుపోతాయి. ఉప్పు నీళ్లయితే నాజిల్ రంధ్రం, అది ఉండేదే మిల్లీమీటరు చుట్టూ, తెల్లటి పొర కట్టి మూసుకుపోతుంది. మెషిన్‌తో వచ్చే చిన్న జాలీ ఒక్కటే చాలదు. దానికి ముందు పారదర్శకంగా ఉండే వాటర్ ఫిల్టరు ఒకటి బిగిస్తే లోపల మట్టి చేరడం కంటికే కనిపిస్తుంది. ఉప్పు నీళ్లతో కారు కడిగి ఎండలో వదిలేస్తే అద్దాల మీద, నల్ల పెయింటు మీద మచ్చలు కూర్చుంటాయి. కడిగిన వెంటనే గుడ్డతో తుడిచేయడం తప్ప దానికి మందు లేదు.

ప్లగ్గు, వైరు

1500 వాట్ల మెషిన్ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. 1800 వాట్లదైతే దాదాపు ఎనిమిది. పోర్టికోలో, డాబా మెట్ల దగ్గర మామూలుగా పెట్టించేది 6 ఆంపియర్ల చిన్న సాకెట్. గీజరుకు, ఏసీకి వాడే 16 ఆంపియర్ల సాకెట్ ఇంటి లోపల ఎక్కడో ఉంటుంది. షాపులో దొరికే కన్వర్షన్ ప్లగ్గు పెట్టి చిన్న సాకెట్‌కే తగిలించేయడం చాలా ఇళ్లలో జరిగేదే. కొన్నాళ్లకు సాకెట్ నల్లబడి కరిగిన వాసన వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి బయట ఒక పవర్ సాకెట్ వేయించుకుంటే ఆ ఖర్చు మెషిన్ ధరలో చిన్న ముక్కే.

ఎక్స్‌టెన్షన్ తప్పనిసరైతే టీవీకి వాడే సన్న వైరు బాక్సు పనికిరాదు. పది మీటర్ల దాకా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, అంతకు మించితే 2.5 ఉండాలి. చుట్ట పూర్తిగా విప్పాలి, చుట్టినట్టే ఉంచితే లోపల వేడి చేరి ఇన్సులేషన్ మెత్తబడుతుంది. జాయింటు నీళ్లలో పడకుండా స్టూలు మీదో కిటికీ మీదో పెట్టాలి. ఇన్వర్టర్ లైను మీద దీన్ని నడపాలని చూడొద్దు.

తడి నేల, తడి చేతులు, కరెంటు మెషిన్. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో ఈ మూడూ కలవకూడదు. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో చూసుకుని, దాని టెస్ట్ బటన్ నొక్కితే పడుతోందో లేదో పరీక్షించుకున్నాకే ఈ పనిలోకి దిగాలి. మామూలు ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఈ ఒక్క విషయంలో రాజీ పనికిరాదు.

డాబా మీద పాచి

కార్తీకం దాటాక నల్లగా ఎండిపోయి, మళ్లీ వాన పడగానే జారుడుబండగా మారే పాచిని వదిలించడం ఈ మెషిన్ బాగా చేసే పని. చీపురుతో రోజంతా పట్టేది పూటలో అయిపోతుంది. అయితే ముందు డాబా ఎలాంటిదో చూడాలి. గట్టి సిమెంటు గచ్చు, కడప బండలు, టైల్స్ అయితే ఇబ్బంది లేదు. పాతకాలపు సున్నం గచ్చు అయితే దీన్ని దగ్గరికే తీసుకురాకూడదు. వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ వేయించిన డాబా అయితే కోటింగ్ అంచు ఎక్కడైనా లేచి ఉందేమో ముందు వెతకాలి. ధార ఆ అంచు కిందికి దూరితే మొత్తం కోటింగ్ చాపలా లేచివస్తుంది.

నీళ్లు పోయే తూముల దగ్గర ఆకులు, చెత్త ముందే ఎత్తేయాలి. గట్టిగా పేరుకున్న చోట బ్లీచింగ్ పౌడరు నీళ్లు బకెట్‌లో కలిపి చల్లి, పది పదిహేను నిమిషాలు నాననివ్వాలి. మెషిన్ సబ్బు డబ్బాలో మాత్రం బ్లీచింగ్ పోయకూడదు, పంపులో రబ్బరు సీళ్లు తినేస్తుంది. బ్లీచింగ్ చల్లిన చోట బాత్రూం యాసిడ్ అసలు తగలకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరి ఆడదు. కుండీల్లో మొక్కలుంటే ముందే పక్కకు జరపాలి. ఆ నీళ్లు ఇంకుడు గుంతలోకి పోయే ఏర్పాటు ఉంటే ఆ పూటకు పైపు దారి మళ్లించాలి.

ఇక గన్ను. నాజిల్‌ను విసనకర్రలా పరుచుకునే ధారకు తిప్పి, మొదట రెండడుగుల దూరం నుంచి మొదలుపెట్టాలి. మెల్లగా దగ్గరికి తెస్తూ పోతే ఒకచోట పాచి ఊడటం మొదలవుతుంది. ఆగాల్సిన దూరం అదే. ఇంకా దగ్గరికి తెస్తే గచ్చులో ఇసుక లేస్తుంది. ధార నేలకు నిట్టనిలువుగా కాకుండా కొంచెం వాలుగా పడాలి, అప్పుడే ఊడిన పాచి ముందుకు జరుగుతుంది. ఒక పట్టీ కడిగాక రెండో పట్టీ దాని అంచును కప్పుతూ రావాలి, లేకపోతే ఎండాక డాబా నిండా చారలు తేలతాయి. తూముకు దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి తూము వైపు రావాలి. ఎదురు వెళ్తే కడిగినచోటికే మురికి తిరిగొస్తుంది. గిర్రున తిరిగే టర్బో నాజిల్ గట్టి కాంక్రీటు మీద అద్భుతంగా పని చేస్తుంది. దాన్ని టైల్స్ సందుల మీద వాడితే గ్రౌటు లేచిపోతుంది. పేవర్ బ్లాకుల సందుల్లో ఇసుక కూడా అంతే, కడిగాక మళ్లీ పోసి ఊడ్చుకోవాలి.

పిట్టగోడ వైపు వీపు పెట్టి వెనక్కి నడుస్తూ కడగొద్దు. 100 బార్ల మెషిన్ గన్ను మనిషిని వెనక్కి నెట్టేది కిలోన్నర బరువంతే. చదును నేల మీద అది లెక్కలోది కాదు. తడి పాచి మీద, మోకాలెత్తు పిట్టగోడ పక్కన, నిచ్చెన మీద మాత్రం ఆ కిలోన్నరే చాలు.

బండ్లు, ఇంకా దూరంగా ఉంచాల్సినవి

దసరా పూజకు ముందు రోజు ఊళ్లో ప్రతి బండీ కడగడానికి బయటికొస్తుంది. కారుకు అడుగు దూరం తగ్గకుండా, పరుచుకునే ధారతో కొడితే పెయింటుకు ఏమీ కాదు. డెంటింగ్, పెయింటింగ్ చేయించిన డోరు, రాయి తగిలి చిట్లిన చోటు, స్టిక్కర్ల అంచులు వీటికి మినహాయింపు. కంపెనీ పెయింటు పట్టుకున్నంత గట్టిగా బయట వేయించిన పెయింటు పట్టుకోదు. టైరు పక్కగోడకు కూడా అడుగు దూరం పాటించాలి. సన్నటి ధార దగ్గర నుంచి తగిలితే లోపలి పొర దెబ్బతింటుంది, ఆ దెబ్బ బయటికి కనిపించదు.

ఇంజిను వేడి తగ్గాకే నీళ్లు. సైలెన్సరు మూతి, తాళం రంధ్రం, మీటరు, చక్రాల బేరింగులు, చైను, రేడియేటర్ రెక్కలు, వీటి మీదికి ధార నేరుగా పోకూడదు. కడిగాక చైనుకు లూబ్ కొట్టాలి, రోడ్డెక్కేముందు బ్రేకులు రెండు మూడుసార్లు నొక్కి తడి ఆర్చుకోవాలి.

ఎలక్ట్రిక్ స్కూటర్ల దగ్గర ఒక అపోహ బలంగా ఉంది. బ్యాటరీకి ఐపీ67, అంటే దుమ్మూ నీళ్లూ చొరబడవని చెప్పే రేటింగు ఉంది కదా, ఎలా కడిగినా పర్లేదని. ఐపీ67లో రెండో అంకె చెప్పేది మీటరు లోతు నిలవ నీళ్లలో అరగంట ముంచినా నీళ్లు లోపలికి పోవని. దూసుకొచ్చే ధార గురించి ఆ పరీక్ష ఏమీ చెప్పదు. 80, 100 బార్ల ధారతో చేసే పరీక్షకు వేరే అంకె ఉంది, 9. మీ బండి బ్యాటరీ మీద ఆ 9 లేకపోతే బకెట్టూ గుడ్డే మేలు. చార్జింగ్ సాకెట్ వైపు గన్ను తిప్పనే కూడదు.

సోలార్ ప్యానెళ్ల మీద కూడా వద్దు. పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక డాబాల మీద ప్యానెళ్లు పెరిగాయి, డాబా కడుగుతూ కడుగుతూ చేయి అటు పోవడం తేలిక. ఫ్రేము సీలు లేస్తుంది, సెల్లుల్లో కంటికి కనపడని పగుళ్లు వస్తాయి, వారంటీ చిక్కుల్లో పడుతుంది. పొద్దున్నే గాజు చల్లగా ఉన్నప్పుడు మామూలు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రెక్కలు వేలితో నొక్కితేనే వంగిపోతాయి, 100 బార్లకు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. దోమల జాలీ, కూలర్ ప్యాడ్లు, పెంకులు, స్విచ్ బోర్డులు కూడా ఈ జాబితాలోవే. పుట్టీ పెట్టి రంగు వేసిన గోడను కడగాలనుకుంటే ముందు ఎవరికీ కనపడని మూల జానెడు చోట కొట్టి చూడాలి.

అన్నిటికంటే ముందు దూరంగా ఉంచాల్సింది మనిషి ఒంటిని. 100 బార్ల దగ్గర నీళ్లు నాజిల్ నుంచి సెకనుకు 140 మీటర్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో బయటికొస్తాయి. చర్మంలోకి దూసుకుపోవడానికి 7 బార్ల చుట్టూ ప్రెషర్ చాలు. పని అయ్యాక కాళ్ల మీది బురద గన్నుతో కడుక్కోవడం, పిల్లలు సరదాగా ఒకరి మీద ఒకరు కొట్టుకోవడం చాలా ప్రమాదం. ఇలా తగిలిన గాయం పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది. లోపల నీళ్లు, మురికి, సూక్ష్మజీవులు కండరాల మధ్యకు చేరిపోతాయి. పసుపు అద్ది ఊరుకునే గాయం కాదది, నొప్పి తక్కువగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లి ప్రెషర్ వాషర్ తగిలిందని చెప్పాలి. కడిగేటప్పుడు హవాయి చెప్పులు వదిలి మూసిన బూట్లు వేసుకోవడం, కళ్లజోడు పెట్టుకోవడం అందుకే.

నీళ్లు నిజంగా ఆదా అవుతాయా

ప్రకటనల్లో కనిపించే 'నీటి ఆదా' దేనితో పోల్చారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కారు కడిగేటప్పుడు గన్ను నొక్కి ఉంచే సమయం పది నిమిషాలు అనుకుంటే ఖర్చయ్యేది 60, 65 లీటర్లు. వట్టి పైపు నిమిషానికి 15 లీటర్ల చొప్పున అంతసేపు వదిలితే 150 లీటర్లు. పైపుతో పోలిస్తే ఆదానే. బకెట్, గుడ్డ పట్టుకుని ఓపిగ్గా కడిగేవాళ్లకు మూడు బకెట్లలో, అంటే 45 లీటర్లలో పని అయిపోతుంది. వాళ్ల చేతిలో ఈ మెషిన్ పెడితే నీళ్లు ఆదా కావు, ఖర్చు పెరుగుతుంది. ఎండాకాలం ట్యాంకర్ తెప్పించుకునే కాలనీల్లో ఇది చిన్న విషయం కాదు. బెంగళూరులో 2024 మార్చిలో నీటి కొరత ముదిరినప్పుడు తాగునీటితో వాహనాలు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని అక్కడి జలమండలి ప్రకటించింది. ఆ ఊళ్లో ఉండే తెలుగువాళ్లు చాలామంది ఆ వేసవిలో మెషిన్లను అటక ఎక్కించాల్సిన పరిస్థితి.

ఒక్క స్కూటరు, చిన్న పోర్టికో ఉన్న ఇంటికి దీన్ని కొనడం దండగే. అపార్టుమెంటులో అయితే అసోసియేషన్ తరఫున ఇండక్షన్ మోటారున్న మంచి మెషిన్ ఒకటి కొని, సెల్లార్‌లో పవర్ సాకెట్, డ్రమ్ము ఏర్పాటు చేసుకుంటే అందరికీ పనికొస్తుంది. ఇంటింటికీ ఒక్కో చవక మెషిన్ కొని అటక మీద పడేయడం కంటే ఎంతో నయం. సొంత ఇల్లు, డాబా, రెండు వాహనాలు ఉన్నవాళ్లకు మాత్రం పెట్టిన డబ్బు రెండు మూడేళ్లలో తిరిగొస్తుంది.

అమెరికాలో ఉండే మనవాళ్లకు లెక్క కాస్త వేరు. అక్కడ మామూలు సాకెట్ 120 వోల్టులు, 15 ఆంపియర్లు. అంటే ఎంత ఖరీదైన కరెంటు మెషిన్ అయినా 1800 వాట్లు దాటలేదు. 3000 పీఎస్ఐ పైన అని రాసిన కరెంటు మెషిన్లను అక్కడ కూడా అనుమానంగానే చూడాలి. చలి ఎక్కువ ఉండే రాష్ట్రాల్లో గ్యారేజీలో వదిలేస్తే పంపులో మిగిలిన నీళ్లు గడ్డకట్టి పంపు పగులుతుంది.

పని అయ్యాక

మన దగ్గర గడ్డకట్టే భయం లేదు కానీ ఎండిపోయే భయం ఉంది. ఆర్నెల్లు ముట్టుకోకపోతే రబ్బరు రింగులు బిగుసుకుపోతాయి, ఉప్పు పేరుకుని పిస్టన్లు కదలవు. స్విచ్ వేస్తే హూంకరిస్తుంది తప్ప తిరగదు. నెలకోసారి రెండు నిమిషాలు నడిపితే ఈ బాధ ఉండదు. కట్టేసే వరుస కూడా ముఖ్యం: ముందు స్విచ్ ఆపాలి, తర్వాత కొళాయి కట్టాలి, ఆ తర్వాత గన్ను నొక్కి లోపల మిగిలిన ప్రెషర్ వదిలేయాలి. ప్రెషర్ వదలకుండా పైపు విప్పబోతే విప్పడం కష్టం, వచ్చినా మొహాన కొడుతుంది. మొదలుపెట్టేటప్పుడు దీనికి తిరగేసి: నీళ్లు వదిలి, గన్ను నొక్కి, బుడగలు లేని ధార వచ్చాకే స్విచ్ వేయాలి.

రిపేరుకు పరిగెత్తేముందు మూడు చోట్లు చూడాలి. ధార బలహీనంగా ఉంటే నీళ్లు లోపలికి పోయే చోట జాలీ తీసి కడగాలి. ధార ఒక పక్కకు చీలితే నాజిల్లో ఏదో ఇరుక్కుంది, సన్న తీగతో పొడిచి వెనక నుంచి నీళ్లు కొట్టాలి. గన్ను వదిలేసినా మోటారు ప్రతి కొన్ని సెకన్లకూ దానంతటదే గుర్రుమని ఆగుతుంటే ఎక్కడో ప్రెషర్ కారిపోతోంది. ఎక్కువసార్లు అది పైపు జాయింట్ల దగ్గర పది రూపాయల ఓ-రింగ్ వల్లే. జాయింట్లలో ఏదీ తడిగా లేకపోతే అప్పుడు పంపు లోపలి వాల్వు మీద అనుమానపడాలి. కొత్త పైపు కొనాల్సి వస్తే పాతది వెంట తీసుకెళ్లాలి. ఎం22 అని ఒకే పేరుతో అమ్మే జాయింట్లలో లోపలి బుడిపె 14 మిల్లీమీటర్లది ఒకటి, 15 మిల్లీమీటర్లది ఒకటి ఉంటాయి. మర రెండిటికీ ఒకటే కాబట్టి తప్పు పైపు కూడా హాయిగా బిగుస్తుంది, స్విచ్ వేశాక కారుతుంది.